రెండో స్లాట్‌లో సన్యాసి

డాబా గార్డెన్స్ సందులో జోగినాయుడి కొట్టు
ఇప్పుడు సగం ఫోన్ కవర్లు, సగం చార్జర్లు.
అడుగు అరలో, దుమ్ము కింద
నా ఈడు డిస్కులు పదో పన్నెండో.
"ఇంకా ఇయ్యేటమ్మా, ఇంటికాడ కూకొని నొక్కితే దిగిపోద్ది గదా"
అంటూనే చొక్కా అంచుతో ఒకటి తుడిచి ఇచ్చాడు.
వెలుతురుకి పట్టి చూశాను.
ఒక గీత లోతుగా, మిగతావి వెంట్రుకల్లా.
చూపుడువేలు చిల్లులో దూర్చి, బొటనవేలు అంచున ఆనించి
పట్టుకునే పద్ధతి చెయ్యి మర్చిపోలేదు.

ఫోన్‌లో అదే ఆట,
కొత్త రంగులేసి సగం ధరకి.
ఇవాళ రాత్రి పన్నెండు దాకానే.
నలభై జీబీ. పడుకునే ముందు నొక్కితే
పాలవాడొచ్చే వేళకి ఇంట్లో ఉంటుంది.
ఇంట్లో అనొచ్చో లేదో.
బటన్ మీద 'కొనండి' అని ఉంటుంది
కింద చీమ తలకాయంత అక్షరాల్లో
'వాడుకోనిస్తాం' అని ఉంటుంది,
మాకు ఇష్టమైనన్నాళ్లు, అని కూడా.
అద్దె కొంపకి మన డబ్బుతో సున్నం కొట్టించినట్టు.
పోయినేడు ఒక ఆట అలాగే మాయమైంది,
గోడకి మేకు బెజ్జం కూడా మిగల్లేదు.

పోనీ డిస్కే నమ్ముదామా?
ఈ ఊరి గాలి సంగతి నాకు తెలీదూ!
పెదజాలారిపేటలో మా కిటికీ ఊచల్ని తినేసింది,
బీరువా తాళాన్నీ, నాన్న టార్చిలో స్ప్రింగునీ తినేసింది.
చివరికి నా రేసు ఆట డిస్కుకి
వెండి పూత నిండా సూదిమొన చుక్కలు పొడిచింది.
చుక్కల్లోంచి ట్యూబ్‌లైట్ కనబడేది.
నక్షత్రాల్లా అనను. బెజ్జాల్లానే.
మూడో మలుపు దగ్గర కారు గాల్లో ఆగిపోయేది.

అయినా హుద్‌హుద్ వెళ్లిన వారం,
సిగ్నల్ లేదు, నెట్ లేదు, చెట్టు లేదు,
గౌరీపతి మాస్టారి జనరేటర్ దగ్గర
ఫోన్లు చార్జింగ్‌కి వరస కట్టిన వాళ్ల మధ్య
టీవీ పెట్టించుకుని గంట సేపు ఆడాం.
వరసలో ముసలమ్మొకావిడ
"ఆ ఎర్రకారు మనదేనేటి?" అని అడిగింది.
మనదే, అన్నాను.

అసలు సంగతి ఇది కాదు.
జోగినాయుడి దగ్గరే, పదో తరగతిలో,
పాత మెమరీ కార్డు కొన్నాను నూట ఇరవైకి.
మొదటి స్లాట్ ఖాళీ.
రెండో దాంట్లో, ఇదే ఆట,
ఇంగ్లీషు పెద్దక్షరాల్లో సన్యాసి.
అరవై ఒక్క గంటలు. తొంభై ఎనిమిది శాతం.
చోటు చాలక తమ్ముడు తిరుమలేశు చెరిపేద్దామన్నాడు,
వాడి చేతిలోంచి లాక్కున్నాను.
ఒక్కసారి తెరిచి చూశాను.
ఆ ఊళ్లో వాన పడుతోంది.
సన్యాసి బండి వంతెన కింద ఆపి ఉంది, లైట్లు ఆర్పకుండా.
ఏమీ ముట్టుకోకుండా, సేవ్ చెయ్యకుండా
స్విచ్ కట్టేశాను.

నొక్కితే దిగే ఆటలో
ఎవరి ఎంగిలీ ఉండదు. శుభ్రంగా ఉంటుంది.

"ఆ కార్డు ఎవరమ్మారో గుర్తుందా? పేరు సన్యాసి."
జోగినాయుడు పడీ పడీ నవ్వాడు.
"ఈ ఊళ్లో ఎంతమంది సన్యాసులమ్మా!"

రెండొందలిచ్చి డిస్కు కొన్నాను.
ఇంట్లో కొత్త మిషన్‌కి అది దూరే నోరే లేదని తెలుసు.
పాత మిషన్ లెన్సు పోయి ఆరేళ్లని తెలుసు.
పన్నెండుకి ఇరవై నిమిషాలుండగా
రెండోదీ కొన్నాను. వాడుకోనిచ్చారు.

దిగుతుంటే, డిస్కు పెట్టె తెరిచి
లోపలి అట్ట మీద నా పేరు రాయబోయాను.
మార్కర్ ఎండిపోయింది.
బాల్‌పెన్నుతో గీరాను, సగం పడింది.
తెర మీద ముప్ఫై నాలుగు శాతం.
కరెంటు ఒకసారి కొట్టుకుంది,
మళ్లీ నిలబడింది.