కాగితం వెనకవైపు

టకోమాలో వాన పట్టుకుని మూడో రోజు.
వంటింటి బల్ల మీద మూడు ఓటు కాగితాలు,
వాటి మీద సెఫీనా తెచ్చిన కొబ్బరి రొట్టె తుంపులు.
నల్ల సిరా పెన్ను ఒక్కటే.
వంతులేసుకున్నాం.

ముందువైపు తేలిక.
శాసనసభకి నిలబడ్డ పేర్లు నెలరోజులుగా
మా వీధి కంచెలకి వేలాడి తడుస్తున్నవే.
బెక్‌స్ట్రోమ్ గారికి చక్కటి పలువరస,
ప్రతి మాట చివరా "కుటుంబాలు" అంటారు.
అద్దెలకి పగ్గం వేసే బిల్లు ఓటుకొచ్చిన రోజున మాత్రం
ఆ పలువరసకే నొప్పి వచ్చి సభకి రాలేదు.

రెనాటా ఓల్మోస్ మా మెట్ల దాకా వచ్చింది,
బూట్లలో నీళ్ళు చప్పుడవుతుంటే.
"రేవులో క్రేన్లు మారిస్తే మా తమ్ముడి పని ఉంటుందా?"
"తెలీదండీ. కనుక్కుని చెప్తాను."
పదకొండు రోజులకి మళ్ళీ వచ్చింది.
చెప్పిన జవాబు నాకు నచ్చలేదు.
అయినా వచ్చింది కదా.

"ప్రగతి, ప్రగతి!" థాడియస్ మూలిగాడు.
"చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవాళ్ళే అందరూ."
సెఫీనా వాదించలేదు.
లాండ్రీ బిల్లు వెనక రాసుకున్న లెక్క తీసింది:
ఎవరు ఏ బిల్లుకి చెయ్యెత్తారు, ఎవరు దించారు,
ఎవరు ఆ పూట కాఫీకి లేచెళ్ళారు.
థాడియస్ కళ్ళజోడు తుడుచుకుని
రెండుసార్లు చదివాడు.

తర్వాత కాగితం తిప్పాం.

వెనకవైపు జడ్జీలు.
పార్టీ ఉండదు, ఫోటో ఉండదు,
ఉత్త పేర్లు, సమాధిరాళ్ళ మీద ఉన్నట్టు.
ఊళ్ళో సగం పెన్నులు ఇక్కడే మూతపడతాయి.
"నల్లకోట్ల వాళ్ళు మనకేం తెలుసు?"

నాకు తెలుసు.
ఏడేళ్ళ కిందట, రెండో అంతస్తు, చివరి గది.
నా కొడుకు బతుకుమీద విచారణకి
తొమ్మిది నిమిషాలు పట్టింది.
జడ్జి వాడి పేరు మూడుసార్లు తప్పు పలికాడు,
మూడుసార్లూ గడియారం వైపు చూస్తూ.
సర్కారు ఇచ్చిన లాయరమ్మ లేచి నిలబడింది:
"టావియన్ అండీ. ఆ అబ్బాయి పేరు టావియన్."

ఆమె కేసు ఓడిపోయింది.
పదకొండు నెలలు.
ఇప్పుడు ఆ కుర్చీకే పోటీ చేస్తోంది, యూనిస్ హలోరన్.

ఓడిన లాయరుకా నా ఓటు?
రాత్రంతా ఆ చిన్న సున్నా ఖాళీగా
నా కేసి చూస్తూనే ఉంది.
ఓడింది ఆమేనా,
లేక ఆ గదిలో గెలవడానికి చోటే లేదా?
విచారణకి ముందు వసారాలో
"ఏమన్నా తిన్నావా?" అని వాణ్ణి అడిగి
తన సంచీలోంచి సగం నారింజ ఇచ్చింది.
చట్టంలో నారింజలు లేవు, నాకు తెలుసు.
అయినా తెల్లారి సున్నా నింపాను.
ఇరవై రెండేళ్ళు స్కూలు బస్సు తోలిన చెయ్యి,
కాస్త గీత దాటింది.

కవరు మీద సంతకం మూడు గుక్కల్లో పెట్టాను,
నేను నేనేనని ఆఫీసుకి నమ్మకం కుదరాలిగా.

లైబ్రరీ పక్కన ఇనప డబ్బా దగ్గర
రాత్రి షిఫ్టు దిగి టావియన్ కూడా వచ్చాడు,
చొక్కాకి పిండి, చేతిలో వాడి కవరు.
ఎవరికి వేశావని అడగలేదు.
"పేరు సరిగ్గా రాశారా
దాని మీద?" అన్నాను.