తొమ్మిది వాట్ల తెలుపు

మొదటి వీడియోలో తవిటమ్మ పిన్ని
మూడు రోజుల కిందటి చేపలా వచ్చింది.
నడినెత్తిన ట్యూబులైటు
కళ్ళ కింద రెండు గోతులు తవ్వి పెట్టింది.
"ఏటిరా గుంటడా, నాను బతికే ఉన్నానేటి?"
నవ్వుతూ ఫోను నా చేతిలో పెట్టింది.

ఆ రాత్రి నుంచే
వెలుతురు కొనే పనిలో పడ్డాను.

కాశీబుగ్గ బస్టాండు పక్కన జిరాక్సు షాపులో నా జీతం.
అందులోంచి పన్నెండు వందలు విడిగా మడిచి
విశాఖపట్నం కొట్టుకి ఫోను చేస్తే
ఆయన చెప్పిన ధరకి
మా షాపు మిషనే వచ్చేలా ఉంది.
వైరింగు పని చేసే ఢిల్లేసు అన్నాడు కదా,
"లైటంటే బల్బే కదరా,
మిగతాదంతా డబ్బా."

డబ్బా వెతుక్కుంటూ తిరిగాను.

అక్కుపల్లి చేపలొచ్చిన తెర్మాకోల్ పెట్టె మూత,
చింతపండు పెట్టి తోమి
నాలుగెండలు ఎండబెట్టినా
కవళ్ళ వాసన వదల్లేదు.
తిత్లీ గాలికి ఎగిరొచ్చి
మా పెరట్లో పడిన ఎవరిదో పైపు,
ఇన్నాళ్ళకి
సిమెంటు పోసిన పెయింటు డబ్బాలో
నిటారుగా నిలబడింది.
మిఠాయి కొట్టు సింహాద్రి
రెండు బటరు పేపర్లు చించిస్తూ
"బల్బుకి ముసుగేటి, పెళ్ళికూతురా?" అన్నాడు.
ముసుగు వేశాకే తెలిసింది,
కుచ్చుకునే వెలుతురు
పలచటి గంజిలా ముఖం మీద జారుతుందని.

మొదట కొన్న చవక బల్బులు
కంటికి బాగానే ఉన్నాయి.
ఫోనులో చూస్తే
గోడంతా నల్లచారలు, జెర్రుల్లా పాకుతూ.
అవి షాపు మెట్ల మీదికి పోయాయి.
రెండోసారివి తొమ్మిది వాట్లవి,
ఒక్కోటి డెబ్బై రూపాయలు ఎక్కువ.
ఎరుపుని ఎరుపులా, పసుపుని పసుపులా
ఉన్నదున్నట్టు చూపిస్తాయట.
ఆ మాటకి డెబ్బై ఎక్కువా అనుకున్నాను.

రెండూ ఎదురుగా పెడితే
పిన్ని ముక్కుకి రెండు నీడలు మొలిచాయి.
ఢిల్లేసు ఒకటి ఆర్పేశాడు.
రెండోదాన్ని పక్కకి జరిపి
ఇటు చేపల మూత ఆనించాడు.
"సగం ముఖం సీకట్లో ఉంటే ఉండనీ,
అదీ ఆవిడిదే."

అంతా కుదిరింది.
పిన్ని చేతులు మాత్రం పమిటలో దాచుకుంది.
ఇరవై ఏళ్ళ జీడిసొన
వేళ్ళ గీతల్ని మాడ్చి నల్లగా రాసిన చేతులు.
"ముకం తియ్యి, సేతులొద్దు."
సరే అన్నాను.

క్లిప్పు జారితే నేను సర్దుతున్నాను.
ఖాళీగా కూర్చోవడం చేతకాని మనిషి
తట్ట ముందుకి లాక్కుని పప్పు పొట్టు తీస్తూ
ఒక్కసారి ఆగిపోయింది.
ఒక గింజ లైటు కింద పెట్టింది.
తిప్పింది.
ఇంకోటి పెట్టింది.

"ఇది తెలుపేనా?"
"తెలుపే పిన్నీ."
"మరి మొన్న మాడు అని ఎలగ రాసీసినాడు?"

వీడియో అక్కడితో ఆగింది.
తట్టంతా రెండు కుప్పలు పోసింది.
మాడు కుప్ప
చంటిదాని పిడికిలంత.

మర్నాడు ఆరుగురు వచ్చారు, సంచులతో.
ఎవరూ తమని తియ్యమనలేదు.
"ఆ లైటు వొకపాలి ఎలిగించు బాబూ."
పన్నెండు వందల నా సినిమా సామానంతా
పిన్ని అరుగు మీద కాపురం పెట్టింది.
అడుగుదామని రెండుసార్లు వెళ్ళి
టీ తాగి వచ్చేశాను.

శనివారం, తూకం రోజు,
ఢిల్లేసు పెయింటు డబ్బా భుజాన పెట్టుకుని
తూకం బల్ల దగ్గర దించాడు.
ప్లగ్గు ఎక్కడ అని అడిగాడు.
గుమస్తా ముక్కు మూసుకుని
"ఈ సేపల కంపేటి?" అన్నాడు.
తర్వాత కరెంటు లేదన్నాడు,
వాడి నెత్తి మీద పచ్చటి బల్బు వెలుగుతుండగానే.

నేను గుమ్మంలోంచి వచ్చే ఎండలో తీశాను.
బాగా రాలేదు.
ఆ పచ్చబల్బుకి చారలు పడ్డాయి,
గుమస్తా తల సగం తెగిపోయింది.
చేతులు మాత్రం వచ్చాయి,
బల్ల మీద, పప్పు పక్కన, పద్నాలుగు.
ఒక్కటీ పమిటలో లేదు.