మంత్రానికి ఎన్ని బిందెలు

మొదట రాసిన లెక్క రేషన్ కార్డులా ఉండేది.
రోజుకి చిన్న మంత్రాలు మూడు, నడిమివి రెండు, పెద్దది ఒకటి.
చక్కెర వద్దు, బదులు కిరసనాయిలు పొయ్యమంటే
కుదరదు పో అనే డిపో మనిషిలా
నా నియమాల పుస్తకం మొహం తిప్పుకునేది.
పెంచలయ్య మంత్రగాడు చీకటి సొరంగంలో నిలబడి
"పెద్దమంత్రం నాకొద్దు, దాన్ని చిల్లర మార్చి
నాలుగు దీపాలియ్యి చాలు" అని బతిమాలాడు.
ఆ రాత్రే మూడు పేజీలు కొట్టేశాను.

వ్యాసర్పాడిలో మాది మేడమీద గది,
కింద పంపుసెట్ల రిపేరు షాపు.
పగలంతా అక్కడ బిల్లులు రాసే చేత్తోనే
శనివారం రాత్రుళ్ళు మహిమలకి ధరలు కడతాను.

చిల్లరకి పేరు కావాలి.
శక్తి అంటే గుళ్ళో మైకులా ఉంది.
పాయింటు అంటే క్యారమ్ బోర్డు.
ఎస్తేరు కిటికీలోంచి చూస్తూ "బిందె" అంది.
కింద వీధి పంపు దగ్గర
ఎర్రది, పచ్చది, మూతి సొట్టది, ఒకే తాడుకి కట్టి,
మనుషులు లేకుండానే మనుషుల వంతు కాస్తున్నాయి.

సరే, బిందె.
దీపానికి ఒకటి. గాయం మాన్పడానికి రెండు.
గోడలోంచి నడిచిపోవడానికి ఐదు.
నిప్పులవానకి మొదట ఆరే పెట్టాను;
పెంచలయ్య మొదటి గుమ్మంలోనే రెండు వానలు కురిపించి
కాపలా కుక్కనీ, దాని మెళ్ళో తాళంచెవినీ కాల్చేసి
మిగతా కోటంతా చేతులూపుకుంటూ నడిచాడు.
పన్నెండు చేశాను. అలిగాడు. పది అన్నాను.
కొత్తిమీర దగ్గర కూడా అంత బేరం ఎరగను.

అన్నిటికన్నా తేలికనుకున్న వాక్యం ఇదీ:
"రాత్రంతా నిద్రపోతే బిందెలన్నీ నిండును."

జైతూన్ దాని మీద వేలు పెట్టింది.
డయాలిసిస్ వార్డులో రాత్రి డ్యూటీ ఆమెది.
"ఎవరు నింపుతారు?"
ఆమె మంత్రగత్తె ఎప్పుడూ అంతే,
ఆట ముగిసేసరికి పదహారులో పద్నాలుగు అలాగే ఉంటాయి.
పక్కవాడు చస్తున్నా రెండే తీస్తుంది, మూత పెడుతుంది.
పిసినారి అని నవ్వేవాళ్ళం.
"రేపు లారీ రాకపోతే?" అంది, నవ్వకుండా.

బియ్యం కడిగిన నీళ్ళతో గిన్నెలు,
గిన్నెలు కడిగిన నీళ్ళతో నేల.
ఆ వేసవి నాకూ తెలుసు.
తెలిసినదాన్నే, అంత ధీమాగా
"అన్నీ" అని ఎలా రాశానో.

ఇప్పుడు తెల్లారగానే పాచిక వెయ్యాలి, రెండుసార్లు.
ఎన్ని పడితే అన్నే. రెండూ ఒకట్లయితే
ఆ పూట లారీ లేదు.
ఒకరిది ఒకరికి పొయ్యొచ్చు, పోసినప్పుడల్లా ఒకటి తొణికిపోతుంది.
"మంత్రం ఎందుకు తొణకాలి?" అన్నాడు పెంచలయ్య.
"నిండు బిందెతో ఈ మెట్లెక్కి చూడు" అంది ఎస్తేరు.

సున్నా దగ్గర ఏం జరగాలో ఇంకా తేలలేదు.
ఒంట్లోంచి తీసుకోవచ్చు, బిందెకి ఇంత నెత్తురు, అని రాశాను.
జైతూన్ చదివింది. ఏమీ అనలేదు.
నా పెన్నే తీసుకుని అడ్డంగా గీత పెట్టింది.
ఆ చోటు ఖాళీగానే ఉంది.

నిన్న రాత్రి గుహలో, డ్రాగన్ ఎదురుగా,
పెంచలయ్య దగ్గర తొమ్మిది. నిప్పులవానకి ఒకటి తక్కువ.
అందరం జైతూన్ వైపు చూశాం.
చాలాసేపటికి రెండు పోసింది. ఒకటి తొణికింది. పది.
ఇరవై ముఖాల పాచిక అతని గుప్పిట్లో తిరుగుతుండగా
వీధి చివర హారన్.

"తన్నీ లారీ!"
ఎవరు ముందు లేచారో తెలీదు.
చెప్పుల్లేకుండా, బిందెలు మోకాళ్ళకి కొట్టుకుంటూ దిగాం.
పాచిక కూడా ఎవరి బిందెలోనో పడి దిగింది.
పైన ఫ్యాను కింద అట్టముక్క డ్రాగన్
నోరు తెరుచుకుని కూచుంది,
వరసలో చివరిదానిలా.