ఎడమవైపు మూల

శబ్దం లేదు దానికి.
చక్రాల మీద ఫ్రిజ్ నడిచొస్తున్నట్టు
ఒక సన్నటి మూలుగు, అంతే.
హాలిఫాక్స్ ఇంకా దుప్పట్లో ఉండగానే వచ్చేది
సట్‌క్లిఫ్ పాలబండి.
మూడు చక్రాలు, తలుపుల్లేని పక్కలు,
సీటు కింద రాత్రంతా కరెంటు తాగిన బ్యాటరీలు.
వీధికుక్క దాన్ని దాటి పరిగెత్తి
వెనక్కి తిరిగి చూసి జాలిపడేది.

నాకు పదకొండేళ్ళు. శనివారాల సాయం.
రెండున్నర షిల్లింగులు, వేళ్ళు తెగిన ఉన్ని గ్లౌజులు.
ఒక్క చేత్తో నాలుగు సీసాల మెడలు పట్టడం నేర్చుకోవడానికి
మూడు వారాలు పట్టింది, తొమ్మిది సీసాలు పోయాయి.
నా జీతం కోయలేదాయన.
లెక్కల పుస్తకంలో "పిల్లులు" అని రాసుకున్నాడు.

ఖాళీ సీసాల మెడల్లో చుట్టిన చీటీలుండేవి.
గురువారం దాకా వద్దు.
ఈరోజు రెండు, మా ఆయన వచ్చాడు.
మరుసటి వారం అదే చేతిరాత: ఒకటి చాలు.
ఆయన చదివి, మడిచి, జేబులో పెట్టుకునేవాడు.
బండి ముందుకు మూలిగేది.

ఫిబ్రవరిలో, మంచులో,
బీకన్ ఎత్తు సగంలో
ఆ మూలుగు సన్నబడి, ఇంకా సన్నబడి
ఆగిపోయింది.
కార్పెట్ మిల్లులో రాత్రి షిఫ్టు దిగి వస్తున్నారు
మీర్‌పూర్ వాళ్ళు, అయిదుగురు.
భుజాల మీద తెల్లగా ఉన్నది సగం మంచు, సగం ఉన్ని నూగు.
వాళ్ళ వీధి మా రౌండులో లేదు.
ఎందుకు లేదని నేను అడగలేదు,
ఆయన చెప్పలేదు.
వాళ్ళూ ఏమీ అడగలేదు.
వీపులు ఆనించారు.

ఎత్తు మీద ఊపిరి పొగలు.
సట్‌క్లిఫ్ తలా ఒక సీసా ఇచ్చాడు.
పాలు గడ్డకట్టి, మెడ దాటి పెరిగి
వెండి రేకు మూతని టోపీలా ఎత్తి పట్టుకున్నాయి.
నజాబత్ అనే ఆయన ఆ తెల్ల స్తంభాన్ని కొరికి
కళ్ళు మూసుకుని ఒక మాటన్నాడు:
మలాయి.
సట్‌క్లిఫ్ దాన్ని రెండుసార్లు పలికి చూశాడు,
నోట్లో వేడి బంగాళాదుంప పెట్టుకున్నట్టు.

తర్వాతి శనివారం
ఎప్పుడూ కుడికి తిరిగే మూలలో
బండి ఎడమకి తిరిగింది.
నేనేమీ అనలేదు, సీసాలు పట్టుకున్నాను.
పుస్తకంలో కొత్త పేజీ.
పేర్లు రాయడం చేతకాక
తలుపుల రంగులు రాసుకున్నాడు:
ఆకుపచ్చ, రెండు.
నీలం, ఒకటి.
పెచ్చులూడిన ఎరుపు, నాలుగు, పెద్ద కుటుంబం,
గట్టిగా తట్టొద్దు,
షిఫ్టు దిగి పడుకుని ఉంటారు.