చివరి క్రియ

మా తాత వెన్జుకి ఇప్పుడు నీళ్ళు అడగడం రాదు.
డిసెంబరులో మెదడు ఎడమవైపు ఏదో నరం చిట్లి
మాటలన్నీ ఒలికిపోయాయి.
మిగిలింది ఒక్కటే: "తా".
తలుపుకీ తా. పిల్లికీ తా.
యాభైరెండేళ్ళు కాపురం చేసిన మనాన్ని అమ్మమ్మకీ తా.

అమ్మమ్మ తెల్లవారుజాము పూజకే వెళ్ళొచ్చేస్తుంది.
పదిగంటల పూజకి చక్రాల కుర్చీ తోసింది నేనే.
గోజో దీవిలో గాలికే ఉప్పు పట్టి ఉంటుంది,
ఆయన చేతుల సంగతి చెప్పాలా?
ష్వైనీ ఒడ్డున రాతి మడుల్లో
అరవై వేసవులు సముద్రాన్ని ఎండబెట్టిన చేతులు.

ప్రసంగం అయ్యాక డున్ అంజ్లు గొంతు సవరించుకున్నాడు.
అందరూ లేచారు.
నేనూ లేచాను, నా నోరు లేవలేదు.
అది పద్దెనిమిదో ఏటే మానేసింది.

"నెమ్మెన్" అంది గుడి.
నమ్ముతున్నాను అని.
మా భాషలో నేను విడిగా నిలబడదు,
క్రియకి ముందు చిన్న నకారమై అంటుకుంటుంది.
మేము అన్నా మొదట అదే నకారం.

"నెమ్మెన్" అన్నాడు తాత.

కుర్చీ పిడి వదిలేశాను.
కనిపించేవీ కనిపించనివీ సృష్టించినవాడి దగ్గర్నుంచి
వెలుగులోంచి వెలుగు దాకా
ఒక్క తడబాటు లేదు,
చీపురుతో ఉప్పు కుప్ప పోసినట్టు.

నాకు నేర్పిందీ ఆయనే, ఆ మడుల మధ్య,
మడికో వాక్యం.
ఎక్కడో సరస్సు ఒడ్డున ముసలి బిషప్పులు
ఒక్క అక్షరం కోసం కొట్టుకున్నారంటే నేను నవ్వాను.
"ఉప్పులో ఒక్క ఇసుక రేణువు చాలు,
పంటికి తెలిసిపోతుంది" అన్నాడు.
పిలాతు దగ్గరికొస్తే ఆయనే నవ్వేవాడు:
"ఇంతమంది పునీతులుండగా
ఆదివారం ఆదివారం మనం తలుచుకునేది
చేతులు కడుక్కున్న ఆ గవర్నరునా!"

పిలాతు దాటాడు. సమాధి దాటాడు.
మూడవ నాడు దాటాడు.
నాకు భయం మొదలైంది.

నాట్సు మామయ్య పడవ తిరిగి రాని ఏడాది
తాత ఇమ్జార్ రేవులో పదకొండు రోజులు నిలబడ్డాడు.
పన్నెండో రోజు టోపీ పెట్టుకుని పనికెళ్ళాడు.
ఆ తర్వాత ఇరవైమూడేళ్ళుగా
విశ్వాస సంగ్రహం అంతా చెప్పేవాడు,
చివరి క్రియ దగ్గర పెదాలు మూసేవాడు.
మృతుల పునరుత్థానం కోసం
"నిస్తెన్నా", ఎదురుచూస్తున్నాను.
నమ్మమంటే నమ్ముతాను,
ఎదురుచూడమనొద్దు, అని
ఒకసారి డున్ అంజ్లుతోనే అనేశాడట.
ఆయన వాదించలేదు.
"నువ్వు ఆగిన చోట మేం చెబుతాంలే, వెన్జు.
మేం మరిచిపోతే నువ్వు చెప్పు" అన్నాడట.

ఇప్పుడు ఆ చోటు వచ్చింది.
తాత నోరు తెరుచుకుంది.
మూసుకోలేదు. మాట రాలేదు.
తెగిన నరమో పాత పంతమో నాకు తెలీదు,
ఏ డాక్టరూ చెప్పలేడు.
గుడి ముందుకెళ్ళిపోతోంది.
ఆయన మెడ తిప్పి నా వైపు చూశాడు,
మడి దగ్గర వాక్యం మరిచిపోయి
నేను ఆయన వైపు చూసినట్టే.

వంగి చెవిలో "నిస్తెన్నా" అన్నాను.
నమ్మి కాదు.
బరువు జారుతుంటే పక్కవాడు చెయ్యి వేస్తాడే, అలా.
అని ఊరుకుందామనుకున్నాను,
కానీ ఆ మాటకి నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఆమెన్" అన్నాడు తాత, అందరికంటే ఆలస్యంగా,
గుడి అంతా కూర్చున్నాక.

ఇంటికొచ్చాక గ్లాసు చూపించి "తా" అన్నాడు.
అమ్మమ్మ నీళ్ళు పట్టించి, గడ్డం తుడిచి,
నా వైపు చూడకుండా అడిగింది:
"ఆ ముక్క చెప్పాడా?"

"చెప్పాం" అన్నాను.