వేలువిడిచిన చుట్టరికం

ఒటాగో గడ్డినేలలో పార దింపితే
నీలంగా మెరిసింది గొంగళిపురుగు.
"చావుకింత సింగారమా" అన్నాడు అలస్డేర్,
గొర్రెల మేత పోగొట్టుకున్నవాడు.

మెరెపెకా బల్లమీద రెండు సీసాలు.
రెండోదాంట్లో తొట్టినీళ్లలో తోడిన దోమపిల్ల.
దానిదీ అదే మెరుపు.

"ఒకే ఇంటి వైరస్‌లా?"
ఆమె మాట్లాడదు.
రెండింటి పోగుల్నీ వేడిచేసి విడదీస్తుంది,
కలిపి చల్లారనిస్తుంది.
ఏ పోగు ఎవర్ని వెతుక్కుని అల్లుకుంటుందో
రాత్రంతా వాటి ఇష్టం.

తెల్లారేసరికి
నూటికి మూడు.
వేలువిడిచిన చుట్టరికమనడానికీ నోరు రాదు.

పడవతో మొదలెట్టి
నాన్నమ్మ ఒప్పజెప్పే పేర్ల వరసలో
రెండుచోట్ల ఊపిరి ఆగేది.
అక్కడెవరుండేవారో
ఎప్పుడూ అడగలేదు తను.

మూడు అని రాసి
పక్కగడి ఖాళీగా వదిలేసింది.