ముల్లు

మా అవ్వ కాజీపేట స్టేషన్ బయట చింతపండు అమ్మేది.
చేతి తరాజు.
ముల్లు నడిమిట్ల నిలవడేదాక
ఊపిరి సుత ఆపుకునేది.
"ముల్లు నిటారుగ ఉంటెనే బిడ్డా,
రాత్రి మోకాళ్ల మీద కూసునేటందుకు
మొఖం చెల్లుతది" అనేది.

ఇప్పుడు ముల్లు లేదు.
ఎనుమాముల యార్డుల నేను పెట్టే కాంటాకు
ఎర్ర అంకెలు.
ఎవరు నొక్కితే వాళ్ల మాటే ఇంటయి.

ఫిబ్రవరి. యార్డు నిండ మిర్చి దిగిన నాడు
లాజర్ సేటు నా జేబుల రిమోటు ఏసిండు,
కారు తాళమంత,
ఆయన చేతి చెమటతోని వెచ్చగ.
"బస్తాకు రెండు కిలోలే ఎలీషా.
కడ్తా అందరు తీస్తలేరా?
మనం జర సప్పుడు గాకుండ తీస్తం."

లాజర్ సేటంటే మా సంఘ పెద్ద.
చర్చిల ఆరు ఫ్యాన్లు ఆయనిచ్చినయే.
రెక్కరెక్కకు ఆయన పేరు.
తిరిగేటప్పుడు కనవడది,
కరెంటు పోతెనే చదువొచ్చు.

సైతాను కొమ్ములతోని వస్తడనుకున్న.
దశమభాగం తప్పకుండ ఇచ్చేటోడు,
మా అవ్వ సావుకు బియ్యం పంపినోడు
అయి వస్తడనుకోలే.

మూడు రోజులు నొక్కిన.
అబద్ధమెందుకు, సంబురంగనే నొక్కిన.
పొద్దూకితే జేబుల ఎనిమిది వందలు.
హంటర్ రోడ్డు షోరూం అద్దంల నల్ల బండి,
దాని మీద నేను,
వెనుక సరోజన ఎగిరే కొంగు పట్టుకొని.

మూడో నాడు
ఏటూరునాగారం దిక్కు ఆడామె.
తొమ్మిది బస్తాలు.
ఇంటికాడ తూచి రాసుకున్న చిట్టీ
కొంగు ముడిల నుంచి తీసింది.
అంకెల దిక్కు, చిట్టీ దిక్కు,
మల్ల అంకెల దిక్కు చూసింది.
నన్నేమనలే.
"తొవ్వల ఎండ తిన్నదేమో బిడ్డా.
తప్పు నాదే, పట్టా కప్పకపోతి."

కోడి కూయలే.
గేటు కాడ లారీ హారన్ కొట్టింది.

ఆదివారం రొట్టె చేతిలకొచ్చింది.
ఎంత కడిగినా పోని ఘాటు
వేళ్లకెళ్లి రొట్టెకంటింది.
నాలికె మంట, కండ్లల్ల నీళ్లు.
"ఆత్మ తాకింది" అన్నరు పక్కోళ్లు.
తాకింది మిరప దుమ్ము.
లేకుంటె రెండూ ఒక్కటేనేమో, నాకు తెల్వదు.
పైన సేటు పేరు గిర్రగిర్ర తిరుగుతున్నది.
ఆ పొద్దు మాత్రం
తిరుగుతుండంగనే ఒక్కొక్క అక్షరం కనవడ్డది.

సోమారం రిమోటు ఆయన గల్లాపెట్టె మీద పెట్టిన.
"నీ ఒక్కనితోని మార్కెట్ మారుతదారా?"
మారదు సేటు.
"దేవుడు నీకు బండి కొనిస్తడా?"
కొనియ్యడనుకుంట.
"మరెందుకు?"
ఎందుకో నోట్లకెళ్లి రాలే.
నిలవడ్డ, తరాజు ముల్లు నిలవడ్డట్టు,
జర ఊగుకుంటనే.

ఇప్పుడు హమాలీ.
నలభై కిలోల బస్తా నలభై కిలోలే,
వీపుకు రిమోటు లేదు.
చర్చిల నా కుర్చీ వెనుకకు జరిగింది.
సరోజన వారం దినాలు మాట్లాడలే.
ఎనిమిదో రాత్రి, ఏమనకుండ,
మెడ మీది మంటకు కొబ్బరినూనె రాసింది.

మిగిలినోళ్ల లెక్క నాతాన లేదు,
అది పైన పుస్తకంల ఉంటది.
ఆమెది మాత్రం యాదికున్నది, పద్దెనిమిది కిలోలు.
పేరు అడుగలే నేను.
నాలుగింతలిస్తనని చెట్టు దిగిన పొట్టోనికి
తను ముంచినోళ్ల ఇండ్లు తెలుసు.
నాకు ఒక్క బస్సు పేరు తెలుసు.
హన్మకొండ స్టాండుల అది ఆగినప్పుడల్ల
కిటికీలన్ని చూసుకుంట పోత.

డెబ్బై రెండు కిలోల పైసలు.
పాల డబ్బాల సగందాక జమైనయ్.